ముందు టైర్ల వయసు చూడండి, కొత్త హీటర్ సంగతి తర్వాత

ప్రశ్న: మావారు రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్‌హోమ్ కొన్నారు. మినీ బస్సు ఛాసిస్ మీద కట్టించింది, వెనక జంట చక్రాలు. మా దగ్గరికి రాకముందు రెండేళ్లకు పైగా ఖాళీ స్థలంలో ఎండకే నిలిపి ఉంచారట. తిరిగింది తక్కువ కాబట్టి టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. మెకానిక్ కూడా ఇంకో రెండేళ్లు ఢోకా లేదన్నాడు. టైర్ల పక్కన 3118 అని, స్టెప్నీ మీద 0916 అని అంకెలున్నాయి, అవేమిటో తెలియదు. లోపల ఒక టన్ను స్ప్లిట్ ఏసీ ఉంది. మే నెలలో పొద్దున, రాత్రి బాగానే పనిచేసింది గానీ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా అసలు చల్లబడేది కాదు. గ్యాస్ నింపించినా మారలేదు. డిసెంబరులో మా అత్తగారిని కూడా తీసుకుని లంబసింగి, అరకు వెళ్లాలనుకుంటున్నాం. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్లు, చలికి తట్టుకోలేరు. బండిలో డీజిల్ హీటర్ ఉంది కానీ ఇన్నాళ్లూ ఎవరూ ఆన్ చేయలేదు. అది పనిచేయకపోతే రాత్రి కాసేపు గ్యాస్ పొయ్యి వెలిగించుకుంటే చాలు, వచ్చే ఏడాది లడఖ్ వెళ్లేటప్పుడు కొత్త హీటర్ కొందాం అంటున్నారు మావారు. ఆయన ఇప్పటి నుంచే హీటర్ల ధరలు చూస్తున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. దేనికి ముందు ఖర్చు పెట్టాలి?
— ఒక పాఠకురాలు, కొంపల్లి

సమాధానం: మీరు అడిగిన వరుసలో కాకుండా, నాకు భయం వేసిన దాని నుంచి మొదలుపెడతాను. బండిలో వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించే ఆలోచన ఈ రోజే మానేయండి. కాసేపైనా వద్దు, కిటికీ కొంచెం తెరిచి పెట్టినా వద్దు. బొగ్గుల కుంపటి అయితే ఇంకా ప్రమాదం.

కారణం మీవారికి వివరంగా చెప్పండి, ఊరికే వద్దంటే వినకపోవచ్చు. మోటార్‌హోమ్ చాలా చిన్న గది. ముగ్గురు మనుషులు తలుపులన్నీ మూసుకుని పడుకున్నప్పుడు అందులో ఉన్న గాలే తక్కువ. మంట ఆ గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కంట్లో మంట కూడా పుట్టించదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలవుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ లక్షణాలు తెలిసే అవకాశమే లేదు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి తలనొప్పి వస్తే ప్రయాణం బడలిక అనుకుంటారు గానీ గాలిలో విషం ఉందని ఎవరికీ తట్టదు. పైగా గ్యాస్ కాలినప్పుడు నీటి ఆవిరి కూడా వస్తుంది. అది రేకు గోడలకు చెమటలా పట్టి, తెల్లారేసరికి పరుపులు తడిసి, చలి మరింత ఎక్కువవుతుంది.

హీటర్ వాడినా వాడకపోయినా రెండు అలారంలు బిగించుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట, తల ఎత్తుకు దగ్గరగా ఉండాలి. ఎల్పీజీ లీకేజీ అలారం మాత్రం నేలకు దగ్గరగా పెట్టాలి, ఎందుకంటే ఎల్పీజీ గాలి కంటే బరువైనది, కిందికి దిగి పేరుకుంటుంది. చాలామంది రెండింటినీ పక్కపక్కనే గోడకు కొట్టేస్తారు, అప్పుడు ఏదో ఒకటి పనికిరాకుండా పోతుంది. సిలిండర్ ఉన్న అర అడుగున గాలి బయటికి పోయే రంధ్రం ఉందో లేదో, దాన్ని ఎవరైనా గుడ్డతో మూసేశారేమో కూడా చూడండి. చలిగాలి వస్తోందని అలా మూయడం మామూలే. రబ్బరు గొట్టం ఎప్పటిదో తెలియకపోతే కొత్తది వేయించేయండి.

ఇక టైర్లు. మీరు రాసిన నాలుగంకెల్లోనే జవాబు ఉంది. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. 3118 అంటే 2018లో 31వ వారం, అంటే ఆగస్టు మొదట్లో తయారైన టైరు. ఏడేళ్లు దాటాయి. 0916 అన్న స్టెప్నీ 2016 ఫిబ్రవరి ఆఖరు నాటిది, దానికి తొమ్మిదేళ్లు నిండిపోయాయి. ఆరింటి మీదా ఒకే అంకెలున్నాయా అన్నది ఒక్కొక్కటిగా చూడండి. ఈ అంకెలు టైరుకు ఒక పక్కనే ముద్రించి ఉండొచ్చు, అందుకని వెనక జంటలో కొన్నిటిని బండి కింద పడుకుని టార్చి వేసి చూడాల్సి వస్తుంది.

మెకానిక్ చెప్పింది అబద్ధమని కాదు. ఆయన ట్రెడ్, అంటే నేలకు తగిలే గాళ్ల భాగం, చూసి చెప్పాడు. మన చట్టం ప్రకారం ఇలాంటి బళ్లకు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, మీ టైర్లకు అంతకంటే ఎంతో ఎక్కువే ఉండి ఉంటుంది. రోజూ తిరిగే ట్యాక్సీకి, లారీకి ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే వాటి టైర్లు ముసలివయ్యే లోపే అరిగిపోతాయి. మోటార్‌హోమ్‌లో జరిగేది దీనికి తిరగబడిన వ్యవహారం. టైరు అరగకముందే ముసలిదవుతుంది.

అదెలా అంటే, టైరు రబ్బరులో ఎండనుంచీ ఓజోన్‌నుంచీ కాపాడే మైనం లాంటి రసాయనాలు కలిపి ఉంటారు. చక్రం తిరిగినప్పుడు టైరు గోడ వంగుతూ లేస్తూ ఉంటే అవి లోపలి నుంచి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. బండి నిలిచిపోతే ఆ కదలిక ఉండదు, ఆ పొర మళ్లీ ఏర్పడదు. పైన ఎండ కాలుస్తుంది, కింద ఒకే చోట బరువంతా పడుతుంది. అందుకే తిరగని టైరు తిరిగే టైరు కంటే తొందరగా పగుళ్లిస్తుంది. మీ బండి రెండేళ్లకు పైగా ఎండలో అలా నిలిచింది. ఒక పక్క గోడను వేలితో నొక్కి, ట్రెడ్ కలిసే చోట సన్నటి వెంట్రుకల్లాంటి గీతలున్నాయేమో చూడండి. లేకపోయినా నా సలహా మారదు. బయట బాగున్న టైరులో లోపలి పొరల మధ్య పట్టు సడలిపోయి ఉండొచ్చు, అది పైకి కనిపించదు. పెద్ద టైరు కంపెనీలు ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించమనీ, పదేళ్లు వస్తే ఎలా కనిపించినా తీసేయమనీ చెప్తాయి. నీడలో ఉండి, క్రమంగా తిరిగిన టైరుకే ఆ పదేళ్లు. మన ఎండలో, పూర్తి బరువుతో నిలబడ్డ టైరుకు ఏడేళ్లు చాలు.

కాబట్టి ఆరు టైర్లూ మార్చండి. ఒకేసారి ఖర్చు కష్టమైతే ముందు చక్రాల టైర్లు రెండూ తప్పకుండా కొత్తవి వేయించి, వెనకవి నాలుగూ ఒకేసారి మార్చగలిగేదాకా లంబసింగి వాయిదా వేయండి. ముందు టైరు పగిలితే స్టీరింగ్ చేతిలోంచి లాగేస్తుంది. జంటలో ఒకటి కొత్తది, ఒకటి పాతది మాత్రం వద్దు. రెండింటి ఎత్తులో కొద్దిపాటి తేడా ఉన్నా, ఎత్తుగా ఉన్నదాని మీదే బరువంతా పడి వేడెక్కుతుంది. తీసేసిన వాటిలో బాగున్నదాన్ని స్టెప్నీగా పెడదామని షాపులో అంటారు. పంక్చర్ పడ్డ చోటు నుంచి దగ్గరి ఊరికి నెమ్మదిగా చేరడానికైతే సరే, దాని మీద ప్రయాణం మాత్రం కొనసాగించకూడదు. 0916ను అయితే పారేయండి. కొత్త టైర్లతో పాటు వాల్వులు కూడా మార్పించండి, అవీ రబ్బరువే, వాటికీ వయసుంది. కొనేటప్పుడు కొత్త టైరు అంకెలు కూడా చూసుకోండి. షాపులో ఏడాదిన్నర పడి ఉన్న టైరును కొత్తదని అంటగడితే మీ లెక్కలో ఏడాదిన్నర పోయినట్టే.

ఏ టైరు కొనాలన్నది బరువు చెప్పాలి, షాపువాడు కాదు. ఇది చాలామంది చేయని పని, కానీ అరపూట చాలు. నీళ్ల ట్యాంకు నింపండి, సిలిండర్, పరుపులు, సామాను, మీ ముగ్గురూ ఎక్కి ధర్మకాంటాకు వెళ్లండి. మేడ్చల్ దారిలో, ఆటోనగర్ వైపు లారీల కోసం చాలా కాంటాలున్నాయి. ముందు ఇరుసు మాత్రమే కాంటా మీద ఉంచి ఒకసారి, వెనక ఇరుసు మాత్రమే ఉంచి ఒకసారి, మొత్తం బండి ఒకసారి తూయించండి. మొత్తం బరువు ఆర్‌సీలో రాసిన గరిష్ట బరువును దాటకూడదు. నూటయాభై లీటర్ల నీళ్లంటే నూటయాభై కిలోలు, పైన ఏసీ, బ్యాటరీలు, చెక్క అరలు కలిస్తే అది దాటడానికి ఎంతో సేపు పట్టదు. దాటితే సామాను, నీళ్లు తగ్గించాల్సిందే, గాలి ఎక్కువ కొట్టి సర్దుకోలేం.

టైరు మీద 112/110 లాంటి అంకెలుంటాయి. 112 అంటే ఒంటి చక్రంగా వేస్తే 1,120 కిలోలు మోయగలదు, 110 అంటే జంటలో ఒక్కొక్కటి 1,060 కిలోలు. అంటే అలాంటి టైర్లు ముందు ఇరుసు మీద 2,240 కిలోలు, వెనక నాలుగూ కలిసి 4,240 కిలోలు మోస్తాయి. మీ కాంటా చీటీలో వచ్చిన అంకెలు వీటి కంటే బాగా తక్కువ ఉండాలి. అంచు దాకా ఉంటే పై సంఖ్య ఉన్న టైరు, మీ రిమ్ముకు సరిపడేది చూడాలి. మోటార్‌హోమ్‌లో వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఒకే పక్కన కట్టేస్తారు కాబట్టి ఎడమ, కుడి చక్రాల బరువు సమానంగా ఉండదు. ఆ మాత్రం వెసులుబాటు లేకపోతే బరువు పక్క టైరు రోజూ దెబ్బ తింటూ ఉంటుంది.

గాలి విషయంలో ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటుంది. టైరు మీద రాసిన గరిష్ట పీఎస్ఐని (గాలి ఒత్తిడి కొలత) చూసి అంత కొట్టించేస్తారు. అది ఆ టైరు గరిష్ట బరువు మోసేటప్పటి లెక్క. మీరు చూడాల్సింది బండి డోరు పక్కన అతికించిన పట్టీ. బండి మోటార్‌హోమ్‌గా మారిన తర్వాత బరువు మారింది కాబట్టి, కాంటా చీటీ పట్టుకుని టైరు కంపెనీ డీలర్‌ను బరువుకు తగ్గ గాలి పట్టిక అడగండి. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి డ్రైవర్ డోరు లోపల అతికించండి.

గాలి చూసుకోవలసింది పొద్దున, బండి కదలకముందు. నడిచాక టైరు వేడెక్కి గాలి పెరుగుతుంది. 65 పీఎస్ఐ ఉన్న టైరులో పది డిగ్రీల వేడికి రెండున్నర పీఎస్ఐ దాకా పెరగడం మామూలే. దారిలో పెట్రోల్ బంకులో చూసి ఎక్కువైందని తగ్గించారో, చల్లారాక అది తక్కువ గాలి టైరు అవుతుంది. వేసవిలో టైరు పగలడానికి అసలు కారణం ఎక్కువ గాలి అనుకుంటారు. చాలాసార్లు తక్కువ గాలే. గాలి తక్కువైతే పక్క గోడ ప్రతి తిప్పుకూ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగుడులో వేడి పుడుతుంది, వేడికి పొరలు విడిపోతాయి. మే నెల ఎండలో రోడ్డే కాలిపోతుంటే ఆ వేడికి చల్లారే దారి ఉండదు. లంబసింగిలో దీనికి వ్యతిరేకంగా, తెల్లవారుజామున మీటర్ మూడు నాలుగు పీఎస్ఐ తక్కువ చూపించవచ్చు. అక్కడ చూసుకుని తగ్గినంత కొట్టించుకోండి, మైదానానికి దిగాక కొంచెం పెరిగిందని తీయకండి.

జంట చక్రాల్లో లోపలి టైరే అసలు చిక్కు. గాలి లేకపోయినా బయటిది మోసేస్తుంది కాబట్టి చూపుకు తెలియదు. లోపలి వాల్వుకు పొడుగు గొట్టం పెట్టించి, మీరే చేతితో గాలి చూడగలిగేలా చేసుకోండి. రెంటి మధ్య రాళ్లు ఇరుక్కుంటాయి, అవి కూడా చూసి తీయాలి. టైర్లలో గాలి ఎంతుందో డ్రైవర్‌కు చూపించే టీపీఎంఎస్ సెన్సార్లు ఆరింటికీ పెట్టించమని గట్టిగా చెప్తాను. హీటర్ కోసం దాచిన డబ్బులో కొంత భాగంతోనే వచ్చేస్తాయి. నైట్రోజన్ అంటారా, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కొట్టించుకుంటే నష్టం లేదు, కానీ అది వారం వారం చూసుకోవడానికి బదులు కాదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడి లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్నా మీ బండికి 80 చాలు. ఎక్కడైనా టైరు పగిలితే బ్రేకు గట్టిగా తొక్కకూడదని మీవారికి ఇప్పుడే చెప్పండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బండి తనంతట తాను నెమ్మదించాక పక్కకు తీయాలి.

ఏసీ సంగతికి వస్తే, మీ ఉత్తరంలో ఒక మంచి ఆధారం ఉంది. పొద్దున, రాత్రి చల్లబడుతోందంటే గ్యాస్ పోలేదన్నమాట. గ్యాస్ నిజంగా కారిపోతే రాత్రి కూడా సరిగా పనిచేయదు. మెకానిక్‌ల నోట మొదట వచ్చే మాట గ్యాస్ తగ్గిందని, అదే మీ దగ్గరా జరిగింది. వంద, రెండు వందల రూపాయల థర్మామీటర్‌తో మీరే తేల్చుకోవచ్చు. మధ్యాహ్నం ఏసీ ఆన్ చేసి ఇరవై నిమిషాలయ్యాక, లోపలికి పీల్చుకునే గాలి ఎంత వేడిగా ఉందో, బయటికి వదిలే గాలి ఎంత చల్లగా ఉందో కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం బాగుంది, బండిలోకి వచ్చే వేడిని అది తట్టుకోలేకపోతోంది. తేడా నాలుగైదు డిగ్రీలే ఉంటే యంత్రంలోనో, దానికి అందే కరెంటులోనో లోపం.

వేడి ఎక్కడి నుంచి వస్తోందంటే, పైకప్పు నుంచి. మన హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో గోడల కంటే కప్పు మీద పడే ఎండే ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా ఇదే ఆలోచన మీద నడుస్తుంది, కప్పు తెల్లగా ఉంటే ఎండను తిప్పికొడుతుందని. మీ బండి కప్పు ఏ రంగులో ఉందో రాయలేదు. తెల్లది కాకపోతే రేకులకు వేసే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. సోలార్ ప్యానెళ్లు ఉంటే, కప్పుకూ వాటికీ మధ్య గాలి ఆడే ఖాళీ ఉండాలి, అప్పుడవి నీడ కూడా ఇస్తాయి. ముందు అద్దం రెండో శత్రువు. దానికి లోపల వేసే మెరిసే పరదా కంటే బయటి నుంచి కప్పే గుడ్డ ఎంతో మేలు, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపినా ఆపినట్టు కాదు. డ్రైవర్ క్యాబిన్‌కూ పడుకునే గదికీ మధ్య మందపాటి పరదా వేలాడదీస్తే ఏసీ చల్లబరచాల్సిన చోటు బాగా తగ్గుతుంది. ఇవన్నీ కలిపి చేసినా కొత్త ఏసీ ధరలో చిన్న భాగమే.

యంత్రంలో లోపమైతే ముందు బయటి యూనిట్ చూడండి. ఖాళీ స్థలంలో రెండేళ్లుంటే దాని రేకుల మధ్య దుమ్ము, ఎండుటాకులు గడ్డకట్టి ఉంటాయి. లోపలి నుంచి లాక్కున్న వేడిని అది బయటికి వదలలేదు. రాత్రి బయట గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది, మధ్యాహ్నం చేతులెత్తేస్తుంది. మీ లక్షణానికి ఇది బాగా సరిపోతుంది. సన్నటి నీళ్ల ధారతో కడగాలి, కార్లు కడిగే ప్రెషర్ గన్‌తో కొడితే రేకులు వంగిపోతాయి. యూనిట్‌ను బండి కింద బిగించి ఉంటే, అది వదిలిన వేడిగాలి నేలకు తగిలి మళ్లీ దానిలోకే వస్తోందేమో చేయి పెట్టి చూడండి. అలా ఉంటే ఒక రేకు అడ్డం పెట్టి గాలి దారి మళ్లించాలి.

రెండోది వైరు. మీరు పార్కింగ్‌లో ఇంటి కరెంటు నుంచి ఎక్స్‌టెన్షన్ లాగుతున్నారని అనుకుంటున్నాను. సన్నటి వైరు, పైగా చుట్టలు చుట్టి పడేసి ఉంటే, ఏసీ దాకా చేరేసరికి వోల్టేజ్ పడిపోతుంది. మధ్యాహ్నాల్లో వీధంతా ఏసీలు నడుస్తుంటే అసలు లైన్లోనే తక్కువ వస్తుంది. రెండూ కలిసి కంప్రెసర్ తిరగలేక ఆగిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది, మీకు ఉత్త గాలే వస్తుంది. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు బండిలోని ప్లగ్గు దగ్గర మల్టీమీటర్‌తో కొలిపించండి. 200 వోల్టుల కంటే తక్కువుంటే ముందు వైరు మార్చండి. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం ఎక్కువైతే 4, పూర్తిగా విప్పి పరచాలి. ట్రూప్ బజార్‌లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. అప్పటికీ తక్కువే ఉంటే స్టెబిలైజర్.

అదే చోట ఇంకో మాట. రేకు బండికి బయటి కరెంటు ఇస్తున్నప్పుడు ఎర్తింగ్ లేకపోతే ఒక వైరు ఒరుసుకుపోయినా బండి మొత్తం షాక్ కొడుతుంది. తడి కాళ్లతో మెట్టెక్కే మీ అత్తగారిని గుర్తుపెట్టుకుని చెప్తున్నాను. పార్కింగ్ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. బండి లోపలికి కరెంటు వచ్చే చోట 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పకుండా పెట్టించండి. ఏసీ కంటే ముందు చేయాల్సిన పని ఇది.

నిజంగానే గ్యాస్ లీక్ అని తేలితే, ఊరికే నింపించకండి. బండి కుదుపులకు రాగి గొట్టాల నట్లు వదులవుతాయి. నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి లీక్ ఎక్కడో పట్టుకుని, బాగుచేసి, వాక్యూమ్ లాగి, కాంటా పెట్టి తూకం ప్రకారం నింపమనండి. ఈ మధ్య ఏసీల్లో వాడే ఆర్32 గ్యాస్ కొంత మేర మండే స్వభావం ఉన్నది. చిన్న బండిలో పని చేసేటప్పుడు తలుపులు తెరిచి ఉంచాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. డ్రైవర్ దగ్గరి ఏసీ వేరే యంత్రం, దాన్ని చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఆన్ చేయండి. లేకపోతే దాని సీళ్లు ఎండిపోయి గ్యాస్ కారుతుంది.

ఇంజిన్‌ను చల్లగా ఉంచే ద్రవం, అంటే కూలెంట్ గురించి క్లుప్తంగా చెప్తాను. రెండేళ్లు నిలిచిన బండిలో పాతది మొత్తం తీయించి కొత్తది పోయించండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్‌లో పొరలు కడుతుంది, కాబట్టి కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే కలపాలి. పాత హోస్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టు మార్పించండి. చింతపల్లి, పాడేరు దారుల్లో ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కుతుంది, దిగేటప్పుడు బ్రేకులు. ఎక్కిన గేరులోనే దిగమని మీవారికి చెప్పండి. బ్రేకుల వేడి రిమ్ముల నుంచి టైర్లకే చేరుతుంది.

ఇప్పుడు హీటర్. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కొన్నిసార్లు 5 డిగ్రీల లోపుకు వెళ్తుంది. మనకు అది చాలా చలే. కానీ దానికి కొత్త హీటర్ అక్కర్లేదు. బండిలో ఉన్న డీజిల్ హీటర్ చక్కగా బిగించి ఉంటే గ్యాస్ పొయ్యితో దానికి పోలికే లేదు. దాని మంట మూసిన గదిలో ఉంటుంది, బయటి గాలి పీల్చుకుని పొగను బయటికే వదులుతుంది, లోపలికి వచ్చేది వేడి గాలి మాత్రమే. అయితే ఆ పొగ గొట్టం అతుకు ఒక్కటి ఊడినా మళ్లీ మొదటి ప్రమాదమే. రెండేళ్ల తర్వాత ఆన్ చేసేముందు ఒక మనిషిని బండి కిందికి పంపి, పొగ గొట్టం, గాలి గొట్టం చివర్లలో కందిరీగలు మట్టిగూళ్లు పెట్టాయేమో చూపించండి. ఇది తరచూ జరిగేదే. పొగ గొట్టం చివర బండి అంచు దాటి బయటికి ఉండాలి, కిటికీ కింద కాదు. పాత డీజిల్ తీసేసి కొత్తది పోయాలి. తలుపులన్నీ తెరిచి, ఎవరూ లోపల లేకుండా మొదటిసారి నడపాలి. మొదట్లో కొంత తెల్లపొగ రావడం సహజం, పది నిమిషాలైనా ఆగకపోతే ఆపించి మెకానిక్‌కు చూపించండి. ఆపేటప్పుడు దాని స్విచ్ తోనే ఆపాలి, బ్యాటరీ కనెక్షన్ తీసి కాదు. ఫ్యాన్ ఇంకొన్ని నిమిషాలు తిరిగి లోపలి వేడిని తోసేయాలి, లేకపోతే లోపలి భాగాలు మాడిపోతాయి. బాగుందని తేలాక నెలకోసారి ఫుల్ మీద ఒక పావుగంట నడిపితే మసి కాలిపోతుంది. ఎంత బాగా నడిచినా కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా దాన్ని వేసుకుని పడుకోకండి.

అది పనిచేయకపోతే మీ అత్తగారికి ఒక ఎలక్ట్రిక్ దుప్పటి కొనండి, దానంతట అదే ఆగిపోయే రకం. సాధారణంగా వంద వాట్లు కూడా తీసుకోదు, గదికి కరెంటిచ్చే బ్యాటరీ బాగుంటే రాత్రంతా ఇవ్వగలదు. దాని మీద ఉన్ని రగ్గు, పరుపు కింద మందపాటి ఫోమ్ షీటు. చలి కిందనుంచే ఎక్కువ కొడుతుంది, పైన ఎన్ని కప్పినా కింద పలచగా ఉంటే వృద్ధులకు వణుకు తగ్గదు. కప్పు మీద గాలి కిటికీ వేలెడంత తెరిచే ఉంచండి. ముగ్గురి ఊపిరి ఆవిరి బయటికి పోకపోతే అంతా చెమ్మవుతుంది.

లడఖ్ వేరే లెక్క, దానికి తొందర లేదు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన. మామూలు డీజిల్ హీటర్ సరిగా కాలక మసి పడుతుంది, ఎత్తుకు సర్దుకునే రకం కావాలి. మన వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం ఆపేస్తుంది. మామూలు డీజిల్ చలికి గడ్డకడుతుంది, అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం చలికాలపు డీజిల్ విడిగా తెచ్చింది. మీరు జూన్, జులైలో వెళ్తే వీటిలో చాలావరకు అవసరమే రావు. మీవారు ఇప్పుడు చూస్తున్న హీటర్ డబ్బు టైర్లకు పెట్టమని నా మాటగా చెప్పండి.

ఆ తర్వాత బండిని మళ్లీ నిలబెట్టకండి. పదిహేను రోజులకోసారి ఔటర్ మీద ముప్పై, నలభై కిలోమీటర్లు, ఏసీ వేసుకుని తిప్పండి. ఆపినప్పుడు టైర్ల కింద వాటి వెడల్పు కంటే పెద్ద చెక్కలు, పక్కన తెల్లటి గుడ్డ కవర్లు. సబ్బు నీళ్లతో కడగండి చాలు. నల్లగా మెరిపించే టైరు పాలిష్‌లు వద్దు, వాటిలో పెట్రోలియం ఉన్నవి నేను చెప్పిన ఆ రక్షణ పొరనే కరిగిస్తాయి.

డిసెంబరుకు ముందు ఒక రాత్రి వికారాబాద్ అనంతగిరి కొండల దగ్గర ఉండి రండి. దూరం సుమారు ఎనభై కిలోమీటర్లే, చలికాలంలో అక్కడా బాగానే చలిగా ఉంటుంది. అలారంలు, దుప్పటి, హీటర్, బ్యాటరీ అన్నీ అక్కడే పరీక్ష అవుతాయి. ఏది తేడా చేసినా రెండు గంటల్లో ఇల్లు చేరతారు. కొత్త టైర్లు వేసిన తర్వాత మొదటి వంద కిలోమీటర్లలో వీల్ నట్లు కొద్దిగా వదులు కావచ్చు కాబట్టి, అక్కడికి చేరాక బండి చల్లారనిచ్చి ఆరు చక్రాల నట్లూ టార్క్ రెంచ్‌తో ఒకసారి బిగించమనండి. రెంచ్ లేకపోతే తిరిగి రాగానే టైర్ల షాపుకే తీసుకెళ్లండి.